కానుక బియ్యం

గుమ్మం దగ్గర హెబ్రోను ఆగుతాడు. ఎడమ చెయ్యి ద్వారబంధం మీద ఆనిస్తాడు. గడ్డం కాస్త పైకెత్తి, కళ్లు మూసుకుని, ముక్కుతో రెండుసార్లు గాలి పీలుస్తాడు. మొదటిది పొట్టిది. రెండోది పొడుగుది. ఆ తర్వాతే కాలు లోపల పెడతాడు.

గోడౌను దగ్గర అది పనిలో భాగం. ముప్పై ఏళ్లు చేసి చేసి ఒంటికి పట్టేసింది. ప్రార్థన మందిరం గుమ్మంలోనూ ఆగుతాడు. బ్యాంకులో, పెళ్లివారింట్లో, తన ఇంటి వంటగది ముందు ఆగుతాడు. వెనక వచ్చేవాళ్లు తగులుకుంటారు. తెలిసినవాళ్లయితే నవ్వి, ఆయన లోపలికి వెళ్లేదాకా నిలబడతారు.

నాలుగేళ్ల కిందట, కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో, ఆయనకు జ్వరం వచ్చి పదిహేను రోజులకు తగ్గింది. దాంతో ముక్కుకు పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. భార్య ఆనందకుమారి పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసింది. ఆయన ముఖం చూసింది. ఏమీ అడగకుండా గిన్నె తీసుకెళ్లి తోముకుంది. ఆ సంగతి వాళ్లిద్దరికే తెలుసు. గుమ్మాల దగ్గర ఆగడం ఆయన మానలేదు.

హెబ్రోను పని బియ్యానికి మందు పెట్టడం. ముత్తుకూరు దాటాక రేవుకు ఆనుకుని గోడౌన్లున్నాయి. ఓడ ఎక్కబోయే బియ్యాన్ని అక్కడ బస్తాల గుట్టలుగా పేరుస్తారు. ఒక్కో గుట్టను లాట్ అంటారు. లాట్ మీద మందపాటి పట్ట కప్పి, లోపల ట్రేలలో బిళ్లలు పెట్టి, పట్ట అంచులు నేలకు అంటుకునేలా ఇసుక నింపిన పొడుగాటి గుడ్డ గొట్టాలు చుట్టూ పరుస్తారు. తేమ తగిలి బిళ్లలు విషవాయువు వదులుతాయి. దాన్ని వాళ్లు మందు గాలి అంటారు. ఐదు రోజులకు పురుగూ పురుగు గుడ్డూ చస్తాయి. బిళ్లలు బూడిదవుతాయి. అప్పుడు పట్ట తీసి, తలుపులు బార్లా తెరిచి, ఒక పగలూ రాత్రీ గాలి ఆడనివ్వాలి. మందు గాలి వెల్లుల్లి వాసన, వాళ్ల మాటలో తెల్లగడ్డ వాసన, వేస్తుంది. ఆ వాసన ఉన్నంతసేపు మనిషి లోపలికి పోకూడదు. పోతే ముందు తలనొప్పి. తర్వాత వాంతి. తర్వాత ఛాతీ పట్టేస్తుంది. ఆ తర్వాతది చెప్పడానికి మనిషి మిగలకపోవచ్చు.

ఆయన చెన్నైకి కూడా రెండే సార్లు వెళ్లాడు. అయినా దేశాలు ఆయనకు తెలుసు. ఏ దేశం టన్నుకు ఎన్ని బిళ్లలు అడుగుతుందో తెలుసు. ఏది ఏడు రోజులు కప్పి ఉంచమంటుందో, ఏది తన రేవులో బస్తా విప్పి జల్లెడ పట్టి చూస్తుందో, ఏది కాగితం చూసి వదిలేస్తుందో తెలుసు. పేపర్లో ఒక దేశం పేరు కనిపిస్తే ఆయనకు దాని మోతాదు గుర్తొస్తుంది.

ఢిల్లీ నిర్ణయాలు కూడా ఆయనకు ఈ దారినే చేరుతాయి. తెల్లబియ్యం ఎగుమతి ఆపేసిన ఏడాది గోడౌన్లు ఖాళీ అయ్యాయి. అడిగిన కొన్ని దేశాలకు మాత్రం ప్రభుత్వాలు మాట్లాడుకుని పంపించాయి. మన ప్రభుత్వం ఎవరిని దగ్గరికి తీస్తోందో, ఎవరిని వాకిట్లో నిలబెడుతోందో, బస్తాల మీద అచ్చు చూసి హెబ్రోను చెప్పగలిగేవాడు. ఎవరూ అడగలేదు. ఆ నెలల్లో ఆయన రొయ్యల గుంటల దగ్గర కాపలాకు పోయాడు.

బస్తాలెత్తే ముఠాతో ఆయనకొక కట్టుబాటు ఉంది. గాలి ఆడాక హెబ్రోను ఒక్కడే లోపలికి పోతాడు. గుమ్మంలో వాసన చూస్తాడు. లాట్ ఎక్కి పై వరుస బస్తా మీద కూర్చుంటాడు. గుమ్మంలో ఎవరో అందించిన టీ గ్లాసు వెంట తెచ్చుకుంటాడు. ఆయన తాగుతాడు. ముఠా అంతా వాకిట్లో నిలబడి చూస్తుంది. ఖాళీ గ్లాసుతో ఆయన దిగితే పని మొదలవుతుంది. ఆయన కూర్చోని లాట్ నుంచి వాళ్లు ఒక్క బస్తా కూడా ఎత్తరు. మందు గాలిని కొలిచే మీటరు వచ్చాక కూడా ఈ పద్ధతి పోలేదు. సున్నా చూపించినా ముఠా మేస్త్రి పెంచల్ కదలడు. ‘అది టీ తాగదు కదన్నా’ అంటాడు.

తన ముక్కుకు వాసన పోయాక హెబ్రోను ముందు మీటరు చూసుకునేవాడు. సున్నా ఉంటేనే గుమ్మంలోకి వచ్చి, ఆగి, రెండుసార్లు గాలి పీల్చేవాడు. అలాగే నడిచింది, ఒక్క రోజు తప్ప.

రెండేళ్ల కిందటి ఏప్రిల్. మీటరు బ్యాటరీ అయిపోయింది. ఆ రకం దొరకాలంటే నెల్లూరు పోవాలి. వాకిట్లో లారీలు ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉన్నాయి. పట్ట తీసి ఒక పగలూ రాత్రీ అయిందిలే అనుకున్నాడు. గుమ్మంలో ఆగాడు, గాలి పీల్చాడు, ఎక్కి కూర్చుని టీ తాగాడు. దిగేటప్పుడు కణతలు లాగాయి. ఎండ అనుకున్నాడు. మధ్యాహ్నం లోపలి మూలలో, గాలి ఆడని చోట, అడుగు వరుసలు తీస్తున్న సమాధానం అనే కూలి మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. హెబ్రోనే అతన్ని ఆటోలో పడుకోబెట్టి నెల్లూరు తీసుకుపోయాడు. ఏం జరిగిందని డాక్టరు అడిగాడు. ఎండదెబ్బ అని హెబ్రోను చెప్పాడు. మందు గాలి ఏమైనా తగిలిందా అని మళ్లీ అడిగాడు. లేదు, నేనే చూసినా అని చెప్పాడు.

సమాధానం బతికాడు. బస్తా మోసే ఊపిరి మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ముత్తుకూరు రోడ్డు మీద నిమ్మకాయ సోడా బండి పెట్టుకున్నాడు. ఆసుపత్రికి తీసుకుపోయిన మనిషని హెబ్రోను కనబడితే చెయ్యెత్తి పిలుస్తాడు. హెబ్రోను ఆ రోడ్డున పోవడం తగ్గించాడు.

మొన్నటి వానల్లో ఒక తుఫాను ఈ తీరాన్ని తాకకుండా దక్షిణంగా పోయి, పక్కనున్న దీవి దేశాన్ని కొట్టింది. వారం పాటు టీవీలో మునిగిన ఊళ్లు కనిపించాయి. సోమవారం గోడౌనుకు కబురొచ్చింది. మంగళవారం లారీల్లో మూడు వందల టన్నుల బియ్యం దిగింది. కొత్త సంచులు. ఒక పక్క జెండా. దాని కింద మూడు లిపుల్లో ‘భారత ప్రజల కానుక’. ఆ సాయంత్రమే రెండు లాట్లుగా పేర్చి, బిళ్లలు పెట్టి, పట్టలు కట్టారు. ఆదివారం సాయంత్రం తీయాలి. సోమవారం సాయంత్రం నుంచి బస్తా ఎత్తవచ్చు.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి ఇద్దరు వచ్చారు. ఒకరు హరినాథ్, మందు పెట్టే కాంట్రాక్టరు. హెబ్రోను ఆయన దగ్గర పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు. రెండో మనిషి సుకుమార్, బియ్యం పంపే కంపెనీ మేనేజరు. నలభై లోపు వయసు. మూడు రోజులుగా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

పట్టలు ఈ సాయంత్రమే తీసేయాలని హరినాథ్ చెప్పాడు. రాత్రంతా ఫ్యాన్లు పెడదాం, తెల్లారి ఏడింటికి ముఠా ఎత్తడం మొదలుపెడుతుంది, పదింటికి మంత్రిగారు జెండా ఊపుతారు, రాత్రికి ఓడ బయలుదేరుతుంది.

హెబ్రోను పట్ట అంచు వైపు చూశాడు.

“మంగళవారం సాయంత్రం కట్టినాము సార్. ఈ రోజు శుక్రవారం.”

“వారాలు నాకూ తెలుసులే” అన్నాడు హరినాథ్.

సుకుమార్ కోప్పడలేదు. ఫోను తీసి హెబ్రోనుకు సముద్రం చూపించాడు. నీలం మీద ఒక చిన్న గుర్తు మెల్లగా కదులుతోంది. అది ఇంకొక పెద్ద దేశం ఓడ. అందులో కూడా బియ్యమే ఉంది. సోమవారం మధ్యాహ్నానికి దీవికి చేరుతుంది. రేపు రాత్రి బయలుదేరితే మనది సోమవారం తెల్లవారేసరికే అక్కడ ఉంటుంది.

ఆ దీవిలో తుఫానుకు సగం కూలిన ఒక పాత రేవు ఉందని సుకుమార్ చెప్పాడు. దాన్ని బాగుచేసే పని ఏ దేశానికివ్వాలో వచ్చే నెలలో తేలుస్తారు. పని దక్కినవాడు అక్కడే ఉండిపోతాడు. ముప్పై ఏళ్లో, యాభై ఏళ్లో. రేపు వాళ్ల యుద్ధనౌకలు అక్కడ ఆగితే మన తీరానికి ఒకటిన్నర రోజు ప్రయాణమే. ఇదంతా చెబుతున్నప్పుడు ఆయన గొంతు పెరగలేదు. ఆయన దాన్ని నమ్ముతున్నాడని హెబ్రోనుకు అర్థమైంది.

“మనం పెద్దవాళ్లమని మనం అనుకుంటే చాలదు హెబ్రోను గారూ. పక్కింట్లో కష్టం వస్తే ముందు ఎవరు వచ్చారో అది చూస్తారు. పైగా అక్కడ పిల్లలు అన్నం లేకుండా ఉన్నారు. అది కూడా నిజమే కదా.”

“నిజమే సార్” అన్నాడు హెబ్రోను. “పురుగు చావకుండా పోతే?”

“మిగిలింది దారిలో చస్తుంది” అన్నాడు హరినాథ్.

“ముఠావాళ్లు సార్?”

హరినాథ్ జేబులోంచి మీటరు తీసి గోడౌను మధ్యలో నిలబడి ఎత్తి పట్టుకున్నాడు. సున్నా. చూశావా అన్నట్టు హెబ్రోను వైపు తిప్పాడు. హెబ్రోను దాన్ని అందుకుని లాట్ మూలకు వెళ్లాడు. పట్ట లోపలి గాలిని కొలవడానికి అక్కడొక సన్నటి గొట్టం బయటికి పెట్టి ఉంటుంది. దాని మూత తీసి మీటరు అంటించాడు. లోపల వందల్లో ఉండాలి. మీటరు సున్నా చూపించింది. గొట్టం మూసి రెండో లాట్ దగ్గరికి వెళ్లాడు. అక్కడా సున్నా.

“ఇది చచ్చిపోయింది సార్. లోపల కూడా సున్నా అంటా ఉండాది.”

ఇంకో మీటరు చెన్నై నుంచి రావాలి. సోమవారానికి గాని రాదు. హరినాథ్ హెబ్రోను భుజం మీద చెయ్యి వేశాడు. సుకుమార్‌కు వినిపించేలా చెప్పాడు.

“ఈ మిషన్లు నిన్న మొన్న వచ్చినాయి. అంతకుముందు మాకు మీటరు ఈయన ముక్కే. రేపు పొద్దున ఈయన ఎక్కి కూర్చుని టీ తాగితే చాలు సార్, ముఠా గమ్మున ఎత్తుద్ది. సర్టిఫికెట్టు మీద సంతకం నాది.”

సుకుమార్ హెబ్రోను ముఖం చూశాడు. ఏదో అడగబోయాడు. ఫోను మోగడంతో బయటికి వెళ్లాడు.

మధ్యాహ్నం అన్నానికి హెబ్రోను ఇంటికి వెళ్లాడు. వంటగది ముందు ఆగాడు. ఆనందకుమారి వెనక్కి తిరగకుండానే, చేపల పులుసు అని చెప్పింది. నాలుగేళ్లుగా ఆయన అక్కడ ఆగినప్పుడల్లా వండింది ఏదో ఆమే చెబుతుంది.

ఆయన ఉదయం జరిగింది చెప్పాడు. మీటరు సంగతి, దీవి సంగతి, మంత్రి సంగతి. పని పోతే ఇంకో చోట ఈ వయసులో ఎవరూ తీసుకోరని చెప్పాడు. వాసన తెలియనివాడికి మందు పెట్టే లైసెన్సు ఎవరిస్తారు. రాత్రంతా ఫ్యాన్లు తిరిగితే ఏమీ కాకపోవచ్చని కూడా చెప్పాడు. మూడు రోజుల బిళ్లలు ఇంకా పూర్తిగా బూడిద కాలేదని, లాట్ తెరిచాక కూడా లోపలి సందుల్లో గాలి వదులుతూనే ఉంటాయని చెప్పాడు. రెండూ ఒకే గొంతుతో చెప్పాడు.

ఆనందకుమారి చేపముక్కలో ముల్లు ఏరి ఆయన కంచంలో పెట్టింది.

“సమాధానానికి అయిన రోజు కూడా మీటరు లేదు కదా” అంది.

ఆ సంగతి ఆయన ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. చెయ్యి కంచంలోనే ఉంది. ఆమె నీళ్ల గ్లాసు దగ్గరికి జరిపి పెరట్లోకి వెళ్లింది. ఆయన తినకుండానే లేచాడు.

నాలుగున్నరకు గోడౌను వాకిట్లో మనుషులు నిండి ఉన్నారు. ఒక పక్క షామియానా వేస్తున్నారు. ఇద్దరు నిచ్చెన మీద నిలబడి ‘మిత్రదేశానికి మన చేయూత’ అని రాసిన బ్యానరు కడుతున్నారు. కుడి మూల కిందికి జారుతోంది. ముఠా ఇరవై నలుగురూ గోడ నీడలో కూర్చుని దాన్ని చూస్తున్నారు. పట్టలు బరువు, త్వరగా తీయాలంటే చేతులు కావాలి అని హరినాథ్ వాళ్లను పిలిపించాడు.

పెంచల్ హెబ్రోనును చూసి లేచాడు. నలభై ఐదేళ్ల మనిషి. తలగుడ్డ విప్పి దులిపాడు.

“చూసినావా అన్నా, మన బియ్యం దేశం దాటి పోతా ఉండాది. మనమేమో తిరణాలకి గూడా పక్క జిల్లాకి పోలా.”

ఎవరో నవ్వారు. మంత్రిగారు ఒక బస్తా మోస్తారంట కదా అని ఇంకొకడు అడిగాడు. మోస్తాడు, నువ్వు కింద పట్టుకుంటే, అన్నాడు పెంచల్.

హెబ్రోను నవ్వలేదు. తలుపు వైపు చూస్తున్నాడు. లోపల నుంచి హరినాథ్ బయటికి వచ్చాడు. చేతులకు ఇసుక అంటుకుని ఉంది. ఆలస్యం కాకూడదని మొదటి లాట్ మూల దగ్గర ఇసుక గొట్టం ఒకటి తనే లాగేశాడు. పట్ట అంచు జానెడు ఎత్తుకు లేచి ఉంది. ఏమీ లేదు, రండి రండి, అన్నాడు. నలుగురు కుర్రకూలీలు లేచి తలుపు దాకా వెళ్లి ఆగారు. వెనక్కి చూశారు. హెబ్రోను చూడందే వాళ్లు కాలు పెట్టరు.

హెబ్రోను వెళ్లాడు. నలుగురూ పక్కకు తప్పుకున్నారు. ఆయన ఎడమ చెయ్యి ద్వారబంధం మీద ఆనించాడు. గడ్డం ఎత్తాడు. కళ్లు మూసుకున్నాడు. పొట్టిది ఒకటి పీల్చాడు. పొడుగుది పీల్చాడు.

ఏమీ లేదు. గాలి చల్లగా లోపలికి పోయింది, బయటికి వచ్చింది. అది ఏ గాలో ఆయనకు తెలియదు. తనకు రెండడుగుల వెనక నలుగురు నిలబడి అదే గాలి పీలుస్తున్నారు. కళ్లు తెరిచాడు. పట్ట అంచు కింద నల్లటి సందు కనిపించింది. మూడు రోజుల మందు ఆ సందులోంచి వస్తోందో, ఇంకా రాలేదో, వచ్చి తలుపు దాటి పోతోందో.

వెనక్కి తిరిగి వాళ్ల ముఖాలు చూశాడు. ఒకడు ముక్కు రుద్దుకుంటున్నాడు. దుమ్ముకో, దేనికో. ఇంకొకడు ఆయన కళ్లలోకే చూస్తున్నాడు, మాట కోసం. హరినాథ్ గడియారం చూసుకున్నాడు.

“ఎవరికైనా తెల్లగడ్డ వాసన వస్తా ఉండాదా?” అని హెబ్రోను అడిగాడు.

ముప్పై ఏళ్లలో ఆయన ఈ ప్రశ్న ఎవరినీ అడగలేదు. పెంచల్ గోడ నీడలోంచి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. గాలి పీల్చాడు. కనుబొమలు దగ్గరయ్యాయి.

“వస్తా ఉండాది గదన్నా. ఇక్కడికే వస్తా ఉండాది.” ఒక్క క్షణం ఆగాడు. “నీకు రాలా?”

హెబ్రోను చేతులు చాపి నలుగురినీ వాకిట్లోకి నెట్టాడు. అందరినీ వెనక్కి, షామియానా అవతలికి పొమ్మన్నాడు. బ్యానరు కట్టేవాళ్లను నిచ్చెన దిగమన్నాడు. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని, గుండెల నిండా గాలి పట్టి, లోపలికి పరిగెత్తాడు. ఇసుక గొట్టం కాలితో పట్ట అంచు మీదికి తోసి, రెండు చేతులతో సర్దాడు. తడిగుడ్డ ఈ గాలిని ఆపదని ఆయనకు తెలుసు. బయటికి వచ్చి, తలుపుకు దూరంగా వెళ్లి, పట్టిన ఊపిరి వదిలి నేల మీద కూర్చున్నాడు.

పెంచల్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మిగతావాళ్లు అతని వెనక.

“ఎప్పట్నుంచి?”

“కరోనా జ్వరం వచ్చినప్పట్నుంచి.”

“నాలుగేండ్లు.”

“నాలుగు దాటింది.”

పెంచల్ ఏం లెక్కపెడుతున్నాడో హెబ్రోనుకు తెలుసు. అతను అడిగేదాకా ఆగలేదు.

“సమాధానానికి అయింది ఎండదెబ్బ కాదు పెంచలూ. ఆ రోజు మీటరు లేదు. నాకు తెలిసే కూర్చున్నా.”

పెంచల్ వెనక ఒకడు బూతు మాట అన్నాడు. సమాధానం చెల్లెలి మొగుడు. ముందుకు వస్తుంటే ఇద్దరు పట్టుకున్నారు. పెంచల్ చేతిలో తలగుడ్డను రెండుసార్లు మడత పెట్టాడు. విప్పాడు.

“మేము నీ టీ గ్లాసు చూసి లోపలికి పోయినాము” అన్నాడు. “మా ఆడోళ్లకి గూడా చెప్పినాము, హెబ్రోనన్న ఉండాడు, భయం లేదని. నువ్వు ఉత్త టీ తాగినావు.”

హెబ్రోను తల ఎత్తలేదు.

“లేచి అవతలికి పో అన్నా.”

అన్నా అనే అన్నాడు. హెబ్రోను లేచి కాంపౌండు గోడ దగ్గరికి పోయాడు.

అక్కడి నుంచి మాటలు ముక్కలుగా వినిపించాయి. హరినాథ్ బతిమాలాడు. తర్వాత అరిచాడు. సోమవారం సాయంత్రం దాకా ఒక్క బస్తా కూడా ఎత్తబోమని పెంచల్ చెప్పాడు. కొత్త మీటరు తెప్పించి తమ ముందర, లాట్ అడుగున, నాలుగు మూలలా పెట్టి చూపించమన్నాడు. గూడూరు నుంచి ఇంకో ముఠాను తెస్తానని హరినాథ్ అన్నాడు. తెచ్చుకోండి, వాళ్లకీ ఈ మాటే చెప్తాం, అన్నాడు పెంచల్. సుకుమార్ ఈ మాటల్లోకి రాలేదు. లారీ పక్కన నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. ఎక్కువసేపు వింటున్నాడు. అవును సార్ అని ఒకసారి, కాదు సార్, మనుషులు ఉన్నారు సార్ అని ఒకసారి అన్నాడు.

ఫోను పెట్టేసి వచ్చి ఏర్పాటు చెప్పాడు. రేపటి సభ ఆగదు. దగ్గర్లోని మిల్లు నుంచి నలభై బస్తాలు తెప్పిస్తారు. ఈ కానుక సంచుల్లో ఖాళీగా మిగిలినవి వాటికి తొడుగుతారు. మంత్రిగారు జెండా ఊపుతారు. లారీ రేవు గేటు దాకా వెళ్లి తిరిగి వస్తుంది. ఓడ మంగళవారం కదులుతుంది.

కాసేపటికి సుకుమార్ గోడ దగ్గరికి వచ్చి హెబ్రోను పక్కన నిలబడ్డాడు. ఫోను చూపించలేదు.

“వాళ్లదే ముందు చేరుతుంది” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. “మీరు పొద్దునే చెప్పి ఉంటే ఇంకేదైనా చూసుకునేవాళ్లం.”

“పొద్దున నాకు నోరు రాలేదు సార్.”

హరినాథ్ దగ్గరికి రాలేదు. దూరం నుంచే చెయ్యి చాపాడు. హెబ్రోను మెడలోంచి గేటు పాసు తీసి, నడిచి వెళ్లి ఇచ్చాడు. హరినాథ్ దాన్ని తీసుకుని, తాడు పాసు చుట్టూ చుడుతూ, నాకైనా చెప్పాల్సింది అన్నాడు. చెప్పి ఉంటే ఏం చేసేవారో హెబ్రోను అడగలేదు. వాకిట్లో ఎవరో జారిన బ్యానరు మూల మళ్లీ కడుతున్నారు.

ఇంటికి నడిచే వెళ్లాడు. ఆనందకుమారి ఆయన మెడ వైపు చూసింది. అన్నం పెట్టింది. ఈసారి తిన్నాడు. సోమవారం మీటరు వస్తుందని, మూలల్లో పెట్టి చూస్తారని చెప్పాడు. మరి సమాధానం, అని ఆమె అడిగింది. వాళ్ల చెల్లెలి మొగుడు ఈపాటికి చెప్పి ఉంటాడన్నాడు హెబ్రోను. అతను చెప్పడం వేరు, అంది ఆనందకుమారి.

మర్నాడు శనివారం. ఎనిమిదింటి నుంచి రేవు రోడ్డున కార్లు పోతూనే ఉన్నాయి. గోడౌన్ల వైపు నుంచి మైకులో దేశభక్తి పాట గాలి తిరిగినప్పుడల్లా వినిపించి ఆగిపోతోంది. హెబ్రోను ఆదివారాలు కట్టుకునే తెల్లచొక్కా తీశాడు. కాసేపు చూసి మళ్లీ కొయ్యకు తగిలించాడు. పని చొక్కా వేసుకుని ముత్తుకూరు రోడ్డున బయలుదేరాడు.

సోడా బండి ఇంకా రోడ్డు మీదికి రాలేదు. రోడ్డు దిగి, రెండు ఇళ్లు దాటితే సమాధానం ఇల్లు. రేకుల కప్పు. వాకిట్లో బండి నిలబెట్టి ఉంది. తలుపు తీసి ఉంది. లోపల నేల మీద సమాధానం కాళ్లు చాపి కూర్చుని గోనెసంచి మీద పోసిన నిమ్మకాయలు ఏరుతున్నాడు. ఒక కాయ తీయడం, చూడడం, బుట్టలో వేయడం. మూడు నాలుగు కాయలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు.

హెబ్రోను గుమ్మంలో ఆగాడు. ఎడమ చెయ్యి ద్వారబంధం మీదికి పోయింది. గడ్డం ఎత్తలేదు. కళ్లు మూయలేదు.

సమాధానం తలెత్తి చూశాడు. చెయ్యి ఊపలేదు. చేతిలోని నిమ్మకాయను బుట్టలో వేయకుండా పట్టుకునే ఉన్నాడు. అతని భార్య ఇంటి వెనక నుంచి వచ్చి, మనిషిని చూసి ఆగిపోయింది. కాసేపటికి, అలవాటుగా, స్టూలు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

హెబ్రోను కూర్చోలేదు. నిలబడే, ఆ రోజు మీటరు ఆగిపోయిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, డాక్టరుతో తాను అన్న మాట దాకా, ఒక్కొక్కటే చెప్పాడు.